ఖాలా పోసిన నీళ్ళు

ఖాలా పోయిందని కదిరి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఒక పెళ్ళికొడుకు చొక్కాకు కాలరు కుడుతున్నాను. ఫోను చేసింది ఆమె కూతురు. "అన్నా, అమ్మ ఇంగ లేదు. పొద్దున రెండు గుక్కలు నీళ్ళు తాగి పండుకునింది, మల్ల లెయ్యలేదు" అని చెప్పింది. నేను "సరేమ్మా" అన్నాను. సరే అనడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోను పెట్టేసి ఆ కాలరు పూర్తిగా కుట్టి, ఇస్త్రీ కూడా చేసి, అప్పుడు లేచాను. షట్టరు దించే ముందు చూస్తే కాలరు తిరగేసి కుట్టి ఉంది.

ఆమె గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. రాయాలని నాకూ ఉంది. కానీ ఆమె పోయిన మూడో దినం విన్న ఒక మాట వల్ల, ఎక్కడ మొదలుపెట్టినా చెయ్యి ఆగిపోతోంది. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు రాస్తాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

మా ఊరు బత్తలపల్లె దాటి కదిరి దారిలో పోతే రోడ్డు పక్కనే వస్తుంది. బస్సు ఆగే చోట రెండే కొట్లు ఉండేవి. ఒకటి ఖాలా టీ కొట్టు, రెండోది నా టైలరు కొట్టు. మధ్యలో ఒక్క రేకు గోడ. పన్నెండేళ్ళు ఆ రేకుకు అటు ఆమె, ఇటు నేను. ముఖాలు చూసుకోకుండానే రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. మా ఊళ్ళో సాయిబుల ఇళ్ళు నాలుగే, అయినా ఊరంతా ఆమెను ఖాలా అనే పిలిచేది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అంతే.

ఎదుటి మనిషిని అందరూ "తిన్నావా?" అని అడుగుతారు. ఆమె "కడుపెట్లుండాది?" అని అడిగేది. బెంగుళూరు పనులకు పోయినవాళ్ళు ఎప్పుడో తిని, రాత్రంతా నిలబడి ప్రయాణం చేసి, మా బస్టాపులో దిగి నేరుగా ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేవారు. అడిగిన వెంటనే వాళ్ళకు టీ ఇచ్చేది కాదు. ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాత సగం బన్ను, దాని తర్వాతనే టీ. "ఒట్టి కడుపులో టీ పోస్తే తిరగబడతాది. నీకు టీ పోసి, మల్ల నీ కక్కు నేను కడగల్లనా?" అని గదిమేది. కొందరు విసుక్కుని లేచిపోయేవారు. చాలామంది గమ్మున బన్ను నమిలేవారు.

రంజాన్ నెలలో ఆమె పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండానే మాకు బోండాలు వేసేది. పిండిలో ఉప్పు చూడడానికి గరిటెతో రేకు మీద తట్టి నన్ను పిలిచేది. ఒకసారి నేను అడిగాను.

"నాలుక కొనకు తాకించి ఊసేస్తే తప్పు లేదంట గదా ఖాలా?"

"తప్పు లేకపోవచ్చు అబ్బయ్యా. నాకే అనుమానం. అనుమానంతో పట్టింది రోజా ఉపాసం గాదు."

అలా ప్రతి రంజాన్‌కూ నెల దినాలు ఆమె నాలుక నేనే. ఉప్పు తక్కువైందంటే వేసేది, సరిపోయిందంటే ఆగేది. నా మాట మీద ఒక్కసారి కూడా అనుమానపడలేదు.

ఇప్పుడు నా ఉపవాసం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలిందేదీ అర్థం కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వచ్చిన కరువు అది. వేరుశనగ వరుసగా ఎండిపోయింది. ఎండడం మాకు కొత్త కాదు. తాగే నీళ్ళ బోరు కూడా ఎండిపోవడం కొత్త. ట్యాంకరు మూడు దినాలకొకసారి వచ్చేది. అది వచ్చిన రోజు బిందెల కోసం ఆడవాళ్ళు కొట్టుకునేవారు. ఆ తోపులాటలో ఎవరిదో బిందె తగిలి మా అమ్మ నుదురు పగిలింది. గుట్ట కింద మంచి నీళ్ళున్న బోరొకటి ఉంది, అక్కడి నుంచి ఊళ్ళోకి పైపు వేస్తే చాలు. అర్జీలు ఇచ్చి ఇచ్చి అలసిపోయి, చివరికి ముగ్గురం బస్టాపులో టెంటు వేసుకుని నిరాహార దీక్షకు కూర్చున్నాం. ఒట్టి నీళ్ళు తప్ప ఏదీ ముట్టబోమని ఊరి ముందర ప్రమాణం చేశాం. రెండో దినం ఒకాయన బిడ్డకు జ్వరమని లేచాడు. మూడో దినం ఇంకొకాయన కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకుపోయారు. నేనొక్కడినే మిగిలాను. ధైర్యంతో మిగిలానా, లేవడానికి సిగ్గుపడి మిగిలానా, అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

నేను కూర్చోవడం ఖాలాకు నచ్చలేదు. మొదటి దినమే టెంటు ముందర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎవురి మింద రా నీ కోపం?"

"గవర్నమెంటు మింద ఖాలా."

"మరి నీ కడుపు మింద యాల తీర్చుకుంటాండావు? అదేం చేసింది నీకు?"

"నువ్వు నెల దినాలు ఉండవా ఉపవాసం?"

"నాది దేవునికి. ఆయన చూస్తాండాడని నాకు తెల్సు. నీది జీపులో వచ్చేటోళ్ళకు. వాళ్ళు చూస్తాండారో లేదో నీకు తెల్సునా?"

ఆ మాట అనేసి పోయిన మనిషే సాయంత్రం ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ట్యాంకరు నీళ్ళు డీజిల్ కంపు కొడతాయని, తన ఇంటి కుండలో వడగట్టి పెట్టుకున్న నీళ్ళు తెచ్చింది. అప్పటి నుంచి ఏడో దినం దాకా, దినానికి మూడుసార్లు, ఆ చెంబు ఆమె చేతి నుంచే వచ్చింది. ఇంకెవరినీ పోయనివ్వలేదు.

నాలుగో దినమో అయిదో దినమో నేను అన్నాను, "నీళ్ళు తియ్యగుండాయి ఖాలా."

"ఆకలైనోనికి నీళ్ళు తియ్యగనే ఉంటాయి. తాగి పండుకో."

ఈ రెండు మాటలూ నాకు బాగా గుర్తు. ఆమె ముఖం ఎలా ఉందో మాత్రం గుర్తు లేదు. నేను చూడలేదేమో.

డాక్టరు రోజూ వచ్చి నాడి చూసేవాడు. ఆరో దినం చెయ్యి పట్టుకుని, "పర్వాలేదే, ఇన్నాళ్ళైనా బాగానే కొట్టుకుంటోంది, గట్టి మనిషివయ్యా నువ్వు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కూడా నన్ను గట్టివాణ్ణనే అనుకున్నాను.

ఏడో దినం జీపు వచ్చింది. పైపు వేస్తామని రాసిన కాగితం చదివి వినిపించారు. ఒక పెద్దాయన నిమ్మరసం గ్లాసు నా నోటికి పెట్టాడు. వెంటనే ఎవరో లడ్డు ముక్క కుక్కారు. ఇంకెవరో అరటిపండు. దండ వేసి ఇంటికి తీసుకుపోతే, వారం దినాలుగా తనూ సరిగ్గా తినని మా అమ్మ అప్పటికే సంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు చేసి పెట్టుకుని కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాను. అయిదోది నోట్లో ఉండగానే లోపల ఏదో తిరగబడింది. తిన్నదంతా వాకిట్లోకి వచ్చేసింది, ఆ తర్వాత పచ్చటి నీళ్ళు. చెవుల్లో బస్సు ఆగినట్టు రొద.

అంతకుముందు ఆకలి ఏమిటో నాకు తెలుసు, వికారం ఏమిటో తెలుసు. ఆ దినం రెండూ ఒకే చోట పుట్టాయి. తినాలని చెయ్యి చాస్తాను, ముద్ద దగ్గరికి రాగానే కక్కు వస్తుంది. పక్కింటి పోపు వాసన వచ్చినా అంతే. మా అమ్మ ఒక్క ముద్ద అని బతిమాలుతుంది, నేను తింటాను, మళ్ళీ వాకిట్లోకి పరుగు. నా కడుపు నా మాట వినడం మానేసింది.

మరునాడు పొద్దున్నే ఖాలా వచ్చింది. వాకిట్లో కక్కు మీద మట్టి పోసి ఉండడం చూసింది, నన్ను చూసింది. పులుసు కుండ ఎత్తి పక్కింటికి పంపించేసింది. పొయ్యి ఆర్పించింది. చూడడానికి వచ్చిన వాళ్ళను బయటికి పంపి, కిటికీ, తలుపు రెండూ బార్లా తెరిచింది. పడుకున్న నన్ను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. కాచి చల్లార్చిన నీళ్ళలో చిటికెడు ఉప్పు, కొంచెం చక్కెర వేసి, ఒక్క చెంచా నా నోట్లో పోసింది. నేను నోరు తెరిచే ఉన్నాను. రెండో చెంచా రాలేదు.

ఆమె తస్బీ తీసి పూసలు తిప్పడం మొదలుపెట్టింది. దండ ఒక చుట్టు పూర్తయ్యాక రెండో చెంచా. మళ్ళీ దండ.

"ఇంగ రవ్వంత పోయి ఖాలా."

"కడుపు అడగలేదు. నాలుక అడుగుతాండాది. దాని మాట వినద్దు."

మా అమ్మకు ఏడుపు ఆగలేదు. "ఏడు దినాలు తినని బిడ్డకు చెంచాడు నీళ్ళా?"

"ఏడు దినాలు మూసిన అంగడి అక్కా ఇది. తలుపు ఒకేసారి తీస్తే దుమ్మంతా మొకాన కొడతాది. రవ్వంత తీసి నిలబడల్ల. నువ్వు ఏడ్సుకుంటా కూచుంటే వానికి ఇంగా తిప్పుతాది, బయటికి పో."

మధ్యాహ్నానికి బియ్యం గంజి మీది తేట, అదీ రెండు చెంచాలు. అది నిలవలేదు. నేను భయపడి ఆమె ముఖం చూశాను. ఆమె కొంగుతో నా మూతి తుడిచి, "పోనీ, వద్దనింది. మల్ల అడుగుదాం" అన్నది, ఎవరో పెద్దమనిషిని ఏదో అడగడానికి పోయి వచ్చినట్టు. కొంతసేపు ఏమీ ఇవ్వలేదు. తర్వాత మళ్ళీ నీళ్ళ చెంచాతోనే మొదలు.

రెండో దినం గంజి నిలిచింది. మూడో దినం పలుచటి రాగి అంబలి, మజ్జిగ కలిపి, ఉప్పు తప్ప ఇంకేమీ లేకుండా. అన్నీ గోరువెచ్చగానే. తాగిన వెంటనే పడుకోనిచ్చేది కాదు, చెయ్యి పట్టుకుని వాకిలిదాకా నడిపించి తీసుకొచ్చేది. ఆ మూడో దినమే నాకు పిచ్చి కోపం వచ్చింది. అంబలి గిన్నెను చేత్తో తోసేసి, "నన్ను ఆకలితో చంపుతాండావు నువ్వు" అని అరిచాను. అంబలి ఆమె చీర మీద పడింది. ఆమె కోప్పడలేదు. నా వైపు చూసి, "అట్లయితే కడుపు బాగైండాది. కోపానికి సత్తువ వచ్చింది గదా" అని ఇంకొక గిన్నెలో మళ్ళీ సగమే పోసింది. నాలుగో దినం మెత్తటి అన్నం, మజ్జిగ, పిడికెడు. అది తిన్నాక ఏమీ కాలేదు. నేను ఊరికే ఏడ్చాను.

"మింగింది తినడం గాదు అబ్బయ్యా. కడుపు ఒప్పుకుంటేనే తిన్నట్టు" అని ఆమె చెప్పింది ఆ దినమే. పండగలకు తప్ప ఎప్పుడూ మూయని కొట్టును ఆమె ఆ నాలుగు దినాలు మూసింది. ఆ సంగతి కూడా నాకు తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

పైపు వచ్చింది. ఆలస్యంగానే అయినా, మరుసటి ఎండాకాలానికి కొళాయిలో నీళ్ళు పడ్డాయి. ఊళ్ళో నన్ను ఏడు దినాల అన్న అని పిలవడం మొదలుపెట్టారు. వార్డు మెంబరుగా నిలబడితే పోటీకి ఎవరూ రాలేదు. బడిలో జెండా పండగకు కుర్చీ వేసి, పిల్లలకు ఆ కథ చెప్పించేవారు. నేను చెప్పేవాణ్ణి, "ఒట్టి నీళ్ళు, ఏడు దినాలు" అని. ఆమె తన కొట్టులో గ్లాసులు కడుగుతూ వినేది. ఒక్కసారైనా మధ్యలో మాట కలిపినట్టు గుర్తు లేదు. మోకాళ్ళు పట్టేశాక, రెండేళ్ళ కిందట, ఆమె కూతురి దగ్గరికి కదిరికి పోయింది.

ఫోను వచ్చిన రోజు నేను కదిరి చేరేసరికి మట్టి చేసేశారు. మూడో దినం మళ్ళీ పోయాను. ఫాతిహా ప్రార్థన చదవడం అయిపోయి, వచ్చినవాళ్ళు పోయిన తర్వాత, ఆమె కూతురు నాకు నీళ్ళు ఇస్తూ ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఒక మాట. చెప్పల్లనో వద్దో నాకు తెలీదు."

"చెప్పమ్మా."

"నువ్వు టెంటులో కూచున్నప్పుడు నేను వేవిళ్ళతో వచ్చి మా అమ్మ దగ్గరనే ఉండా. ఒక దినం మీయమ్మ వచ్చి అమ్మ చేతులు పట్టుకోని శానా ఏడ్సింది. ఆ మరుసటి పొద్దున అమ్మ గంజి తేటను గుడ్డలో వడగట్టి, మల్ల వడగట్టి, చెంబులో పోస్తాంటే చూసినా."

"ఏ చెంబులో?"

"ఇత్తడి చెంబులో."

"నా చెంబులోనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది. "మా ఇంట్లో ఇత్తడి చెంబులు రెండుండె అన్నా. నాకు అప్పుడు వాంతులే. నాకు గంజి తేటనే ఇస్తాండె. అది నాదో నీదో నేను అడగలేదు. అమ్మ నన్ను చూసి పక్కకు తిరుక్కునింది, అదొక్కటే నాకు గుర్తుండాది."

ఇంటికి వచ్చి మా అమ్మను అడిగాను. ఆమెకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"అవును, అడిగినా" అన్నది అమ్మ. "నా బిడ్డ చచ్చిపోతాడు, రవ్వంత గంజి కలుపు అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా. ఆమె నన్ను తిట్టింది. ఒకరు పట్టిన ఉపాసంలో నన్ను చెయ్యి పెట్టమంటావా, దేవునికి ఏమి జవాబు చెప్పల్ల అనింది. తిట్టి పంపించేసింది."

"అట్లయితే కలపలేదా?"

"కలపనని చెప్పింది. ఆ తర్వాత ఏమి చేసిందో నేను చూసినానా?"

నాకు తెలిసింది ఇంతే. నాలుక కొనకు ఉప్పు తాకించుకోవడానికి కూడా ఒప్పుకోని మనిషి నా ప్రమాణాన్ని నాకు తెలియకుండా చెరిపేస్తుందా? చెయ్యదు అనుకుంటాను. అంతలోనే డాక్టరు మాట గుర్తుకొస్తుంది, నీళ్ళ తీపి గుర్తుకొస్తుంది. నిజంగా గంజి తేట తాగి ఉంటే దీక్ష విరమించాక కడుపు అంతగా ఎందుకు తిరగబడింది? లేక తాగబట్టే, తిరగబడడానికైనా దానికి ప్రాణం మిగిలిందా? ఆమె కలిపి ఉంటే, ఇన్నేళ్ళు బడి పిల్లలకు నేను చెప్పింది అబద్ధం, ఆమె గ్లాసులు కడుగుతూ ఆ అబద్ధాన్ని విని ఊరుకుంది. కలపకపోతే, నాలుగు దినాలు నా కక్కు ఎత్తిన మనిషి చనిపోయి వారమైనా కాకముందే నేను ఆమెను అనుమానించడం మొదలుపెట్టాను. ఒకదానికి కోపం రావాలి, ఇంకొకదానికి సిగ్గు రావాలి. రెండూ కలిసి వస్తున్నాయి.

లోపల పెట్టుకోలేక, పోయిన వారం బడి దగ్గర ఊరివాళ్ళు కూడినప్పుడు లేచి నిలబడి చెప్పేశాను. నా ఉపవాసం ఒట్టి నీళ్ళదో కాదో నాకు తెలియదని, ఇకమీదట ఆ పేరుతో నన్ను పిలవొద్దని అన్నాను. మా వార్డు పెద్దమనిషి ఒకాయన, "నీకే తెలీకపోతే మాకు యాల చెప్తాండావప్పా? నీళ్ళు వస్తాండాయి గదా, కూచో" అన్నాడు. కూర్చున్నాను. వెనక నుంచి ఒక ఆడమనిషి, ఎవరో చూడలేదు, "ఖాలా కలిపింటే మంచిపనే చేసింది" అన్నది. మాట ఇంకొకదాని మీదికి పోయింది. పేరు మాత్రం పోలేదు, ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు. పలకాలో వద్దో తేల్చుకునేలోపే నోరు పలికేస్తోంది.

తర్వాత నాకు పెళ్ళయి, మా ఆవిడకు వేవిళ్ళప్పుడు నీళ్ళు కూడా నిలవకపోతే చెంచాతో పోసి, ఆగి, మళ్ళీ పోసింది నేనే. బస్సు దిగి వాడిపోయిన ముఖంతో నా కొట్టు మెట్ల మీద కూలబడే వాళ్ళకు ముందు గోరువెచ్చని నీళ్ళే ఇస్తాను. ఇవి ఆమె నాకు నేర్పినవి. ఇందులో అనుమానం లేదు. అందుకు ఆమెకు బతికుండగా థాంక్స్ అయినా చెప్పానా అంటే, చెప్పలేదు. రేకు అవతల ఉన్న మనిషికి అలాంటి మాటలు చెప్పడం నాకు రాలేదు.

చివరిసారి ఆమెను చూసింది నాలుగు నెలల కిందట. బటన్లూ దారాలూ కొనడానికి కదిరి పోయినప్పుడు ఇంటికి వెళ్ళాను. వద్దంటున్నా వినకుండా, మనవరాలి భుజం పట్టుకుని కుంటుతూ బస్టాండుదాకా వచ్చింది. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదలబోతుండగా ఆమె కిటికీ కిందికి వచ్చి, ముఖం పైకెత్తి నాతో ఏదో చెప్పింది. ఇంజను రొదలో ఒక్క ముక్క కూడా వినపడలేదు. "ఏంది ఖాలా?" అన్నాను. మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకొంచెం పొడుగ్గా, చెయ్యి తిప్పుతూ. బస్సు కదిలిపోయింది. వినపడలేదంటే నొచ్చుకుంటుందని, విన్నట్టే గట్టిగా తల ఊపాను. ఆమె ముఖమంతా తేలికపడింది. కొంగు తల మీదికి లాక్కుని, ఎండలో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.